పడని లోహం

“అమ్మా! నానమ్మకి ఊపిరాడటం లేదే... అమ్మా! త్వరగా రావే!”

కూతురు వేసిన ఆ కేక చెవిన పడ్డాకగానీ ఆమెకు తన చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. వంటింటి గుమ్మం పక్కన గోడకున్న మెయిన్ స్విచ్ మీద ఉంది. నిమిషం క్రితం తనే దాన్ని కిందికి లాగింది. ఫ్రిజ్ గురక ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, హాల్లో వైఫై డబ్బా మీద మిణుకుమిణుకుమనే పచ్చ దీపాలు ఆరిపోయాయి. “హమ్మయ్య!” అనుకుంటూ భగభగ మండుతున్న నాలుకను అంగిలికి ఆనించి కళ్ళు మూసుకుంది. అంతలోనే లోపలి గదిలోంచి ఆక్సిజన్ మిషన్ కుయ్ కుయ్ మని ఏడవడం మొదలుపెట్టింది. కరెంటు పోతే అది అలాగే ఏడుస్తుంది!

మధ్యాహ్నం పూట అత్తగారు మిషన్ పెట్టుకోరు కదా! పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు... ఆరేళ్ళుగా అదే అలవాటు. మరి ఇవాళ... అయ్యో! స్విచ్ పైకి తోసి ఒక్క పరుగున లోపలికి వెళ్ళింది. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊనుకుని, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నారు అత్తగారు. పెదవుల చుట్టూ నీలం తిరిగింది. పక్కనే కూతురు... ఎప్పుడూ గలగలా మాట్లాడుతుందని ఇంట్లో అందరూ ‘పిచ్చుక’ అని పిలిచే పిల్ల... నోట మాట రాక, చిన్న సిలిండర్ మూత విప్పడం చేతకాక వణికిపోతోంది. ఆమె ఆ సిలిండర్ లాక్కుని, మూత తిప్పి, గొట్టం అత్తగారి ముక్కుకి తగిలించి, వీపు రాస్తూ కూర్చుంది. “నెమ్మదిగా అత్తయ్యా... ముక్కుతో పీల్చండి... ఆఁ, అంతే...” అని తను చెబుతున్న మాటలు తనకే ఎక్కడో దూరం నుంచి వినిపించాయి. పది నిమిషాలకు పెదవులు తిరిగి రంగు పట్టాయి. ఆ పది నిమిషాలూ ఆమెకు పదేళ్ళయ్యాయి!

కూతురు ఫోన్ చేస్తే ఆమె భర్త వచ్చేసరికి గదిలో మళ్ళీ మిషన్ మామూలుగా ఊపిరి తీస్తోంది. ఆయనకి ఆ వీధిలో ‘పళ్ళ మేస్త్రి’ అని పేరు. డాక్టర్లు పంపిన పళ్ళ అచ్చుల్ని చూసి మైనంతో పన్ను చెక్కి, దాన్ని లోహంలో పోతపోసి, క్యాప్‌గా మార్చే పని. కనుబొమల మీద ప్లాస్టర్ దుమ్ముతోనే పరుగెత్తుకొచ్చాడు. తల్లి మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు, చివరికి భార్య వైపు తిరిగాడు.

“మెయిన్ ఎవరు ఆపారు?”

“నేనేనండీ...” తలెత్తలేకపోయింది. “నోరు మండిపోతుంటే తట్టుకోలేక... అన్నీ కాసేపు ఆపేస్తే తగ్గుతుందేమోనని... అత్తయ్య మిషన్ పెట్టుకున్నారని నాకు తెలీదండీ! మీ మీద ఒట్టు!”

“నా తల్లిని చంపేద్దామనుకున్నావా?”

మంచం మీంచి అత్తగారు చెయ్యెత్తి ఏదో అనబోయారుగానీ, ఊపిరి చాలక ఆ చెయ్యి మళ్ళీ దుప్పటి మీద వాలిపోయింది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదు, బూతు మాట అనలేదు. కోపం వస్తే చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. అలాంటి మనిషి నోటి నుంచి ఈ మాట! ఆరేళ్ళుగా ఆ తల్లికి ముక్కు గొట్టం శుభ్రం చేసిన చేతుల వంక చూసుకుంటూ ఆమె అక్కడే నేల మీద కూలబడిపోయింది...

ఇదంతా ఎనిమిది నెలల క్రితం మొదలైంది. ఆమెకు కింది దవడలో రెండు పళ్ళు పగిలాయి. పళ్ళ డాక్టరమ్మ వాటిని అరగదీసి, “పైన క్యాప్‌లు మీ ఆయనే చేస్తారుగా, నాకెందుకు శ్రమ?” అని నవ్వింది. మేస్త్రి మూడు రోజులు వేరే పని ముట్టుకోకుండా వాటి మీదే కూర్చున్నాడు. పెళ్ళాం నోట్లోకి తన చేతి పని వెళ్తోందంటే ఆయనకెంత సంబరమో! పెట్టించాక అద్దం ముందు నిలబెట్టి, “చూడు, వెంట్రుక కూడా దూరదు!” అన్నాడు. ఆమెకూ పొంగిపోవాలనే అనిపించింది.

రెండు నెలలు గడిచాక నోట్లో తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఒక రుచి మొదలైంది. తర్వాత నాలుక పక్కన మంట. బుగ్గ లోపల పుండ్లు. తలపోటు. ఏం తిన్నా తుప్పే, మంచినీళ్ళు తాగినా తుప్పే! నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ మెచ్చుకునే ఆమెకు ఇప్పుడు ఆ నాలుకే పగలూ రాత్రీ గుర్తుకు రావడం మొదలైంది. భర్తతో చెబితే టార్చి వేసి చూసి, “క్యాప్ రాయిలా కూర్చుంది. నా పనిలో తప్పు లేదు. ఊరికే ఆలోచించకు,” అన్నాడు. రెండోసారి చెబితే మొహం ముడుచుకున్నాడు. మూడోసారి చెప్పలేదు. చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే నొప్పి! డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్తే ఎక్స్‌రే తీసి, “పళ్ళు బాగానే ఉన్నాయి, ఏసిడిటీ ఏమో,” అని మాత్రలు రాసిచ్చింది.

మునిగేవాడికి గడ్డిపోచైనా ఆసరానే కదా! ఆమెకు ఆ గడ్డిపోచ ఫోన్లో దొరికింది. ‘నోట్లో లోహం ఉన్నవాళ్ళు ఫోన్ల నుంచీ వైఫై నుంచీ వచ్చే తరంగాలని లాక్కుంటారు’ అని ఎవరెవరో మాట్లాడుతున్నారు. వాళ్ళు చెప్పిన మంట తన మంటే! వాళ్ళు చెప్పిన తలపోటు తన తలపోటే! ఇంతకాలానికి నన్ను నమ్మేవాళ్ళు కనిపించారని ఆ ఫోన్ని గుండెకి హత్తుకుని ఏడ్చింది. వాళ్ళ ద్వారానే మీటరాయన పరిచయమయ్యాడు. చేతిలో చిన్న మీటరుతో ఇంటికొచ్చి వైఫై దగ్గర పెట్టాడు, కీచుమంది. టీవీ దగ్గర పెట్టాడు, కీచుమంది. ఆమె బుగ్గ దగ్గర పెట్టాడు... అక్కడా కీచుమంది!

“అమ్మా, మీ నోట్లో రెండు ఏరియల్స్ ఉన్నాయమ్మా! ఇవి తీయించుకోకపోతే మీ మెదడుకే ముప్పు. ఒట్టి క్యాప్‌లు తీస్తే చాలదు, చుట్టూ ఉన్న నాలుగు పళ్ళూ వేళ్ళతో సహా పీకించాలి. ఆ పని చేసేవాళ్ళు నాకు తెలుసు.”

అప్పటి నుంచీ ఇంట్లో యుద్ధమే! పిచ్చుక పాఠాలు వింటుంటే వైఫై ఆగిపోయేది. “అమ్మా, పరీక్షలున్నాయే!” అని పిల్ల ఏడ్చేది. ఫోన్లన్నీ స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించేది ఆమె. పడకగదిలో పడుకోవడం మానేసి, ప్లగ్గు ఒక్కటీ లేని సామాన్ల గదిలో చాప వేసుకుంది. అత్తగారి మిషన్ దగ్గరికి వెళ్ళాలన్నా గుండె దడదడలాడేది. అయినా రోజూ వెళ్ళేది, దవడ బిగబట్టుకుని గొట్టం కడిగేది. ఆ సంగతి ఎవరికీ తెలియదు... తెలియదనే ఆమె అనుకుంది.

ఇక ఇప్పుడు ఈ మాట. నా తల్లిని చంపేద్దామనుకున్నావా!

మర్నాడు మేస్త్రి పనికి వెళ్ళాడు. కూతురు స్నానానికి వెళ్ళింది. ఆమె చిన్న సంచిలో ఒక తువ్వాలూ ఒక చీరా పెట్టుకుని, అత్తగారి మందులు వరసగా బల్ల మీద సర్ది, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికేసి బయటపడింది. ఇవాళ ఆ నాలుగు పళ్ళూ పీకించేసుకోవాలి! మంట పోతే మళ్ళీ మనిషినవుతాను, లేకపోతే... లేకపోతే ఈ ఇంటికి నా వల్ల ఇంకో ప్రమాదం జరగకుండా ఎటైనా పోతాను.

రెండో అంతస్తు దాటి కిందికి దిగుతుంటే పైన మెట్ల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. ఒక్కో మెట్టుకీ ఆగి, ఈలలా ఒక ఊపిరి. ఆ ఊపిరి ఆమెకు తెలియకపోవడమేమిటి!

“అత్తయ్యా!”

ఏడాదిన్నరగా గుమ్మం దాటని మనిషి! ముక్కుకి గొట్టం లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు, గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. ఆమె సంచి వదిలేసి పైకి పరుగెత్తి రెండు చేతులతో పట్టుకునేసరికి అత్తగారు మెట్టు మీద కూలబడ్డారు.

“ఏమిటిది అత్తయ్యా! మీకేమైనా అయితే... మళ్ళీ ఆ నింద కూడా నేను మోయాలా?”

“ఆగవే... కాస్త... ఊపిరి... పీల్చుకోనీ.” చాలాసేపటికి అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “పళ్ళు పీకించుకోడానికేనా? పద, నేనూ వస్తా. నావి నాలుగే మిగిలాయి. ఇద్దరికీ కలిపి చుట్టబెట్టేస్తారు.”

“నేను మిమ్మల్ని చంపబోయాను అత్తయ్యా... నిన్న నా చేత్తో...”

“నోర్ముయ్! మధ్యాహ్నం మిషన్ పెట్టుకున్నది నేను. ఆయాసంగా ఉందని నీకో మాట చెప్పనిది నేను. వాడు అన్న మాట మంచం మీంచి విన్నాను. సమాధానం చెప్పడానికి ఊపిరి లేక ఊరుకున్నా. అందుకే ఇవాళ ఉన్న ఊపిరంతా పోగేసుకుని వచ్చా.” మళ్ళీ ఆగి, ఈలలా పీల్చుకున్నారు. “నీకు ఆ మిషనంటే వణుకని నాకు తెలుసే. నెలలుగా చూస్తున్నా. వణుకుతూనే వచ్చి నా గొట్టం కడుగుతావు. అలాంటిదానివి మంట అంటే మంటే! నిన్ను నమ్ముతాను. ఆ మీటరువాణ్ణి మాత్రం నమ్మను.”

ఆరు నెలలుగా ఆమె వినాలని తపించిన మాట అది. ఆ మెట్ల మీదే అత్తగారి ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పటికే పిచ్చుక తండ్రికి ఫోన్ చేసి, చిన్న సిలిండర్ చంకన పెట్టుకుని పైనుంచి దిగుతోంది. కింది నుంచి మేస్త్రి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. తల్లి అక్కడ కూర్చుని ఉండటం చూసి నిలువునా కొయ్యబారిపోయాడు. పిల్ల గబగబా నానమ్మ ముక్కుకి గొట్టం పెట్టింది.

“అమ్మా! నువ్వు మెట్లు దిగడమేమిటి?”

“నీ పెళ్ళాం ఇల్లొదిలి పోతుంటే ఆపడానికి ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదురా,” అన్నారు అత్తగారు. “నన్నో మాట అడగనీ. పెళ్ళయిన కొత్తలో నీ చెల్లెలు దీనికి ఉత్త లోహం కమ్మలు పెట్టింది, గుర్తుందా? రెండు రోజుల్లో చెవులు చీము పట్టాయి. వాచీ కట్టుకుంటే మణికట్టు చుట్టూ ఎర్రటి దద్దు. అప్పటి నుంచీ బంగారం తప్ప ఇంకోటి ఒంటిమీద పెట్టదు. నగల పిచ్చి అని మీరంతా నవ్వారు. ఇది నగల పిచ్చి ఉన్న మనిషటరా? ఏదో లోహం దీనికి పడదు. ఇనుమో, ఇత్తడో, అది నువ్వు తేల్చు. పళ్ళ మేస్త్రివి నువ్వు కదా!”

మేస్త్రి మొహంలో రంగు మారిపోయింది. గోడకి ఆనుకుని మెల్లగా జారి మెట్టు మీద కూర్చున్నాడు.

“నికెల్...” అన్నాడు. “ఆ క్యాప్‌ల్లో నికెల్ ఉంది. చెవి కమ్మల్లో కూడా అదే ఉంటుంది. కొందరికి పడదు...” భార్య వైపు చూడలేక చేతుల్లో మొహం దాచుకున్నాడు. “ప్రతి ఆర్డరు కాగితం మీదా ఒక ప్రశ్న ఉంటుందమ్మా, పేషెంటుకి పడని లోహం ఏదైనా ఉందా అని. అది నింపకుండా పంపితే ఎంత పెద్ద డాక్టరుకైనా తిప్పి పంపుతాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరి గురించీ అడిగాను... ఇంట్లో మనిషికి కాగితం ఎందుకులే అనుకున్నాను! దీన్నొక్కదాన్ని అడగలేదు!”

మేస్త్రి లేచి తల్లిని చేతుల్లోకి ఎత్తుకున్నాడు. పిచ్చుక సిలిండర్ పట్టుకుంది. వాళ్ళ వెనక తన సంచి తనే పట్టుకుని ఆమె మళ్ళీ మెట్లెక్కింది.

అనుకున్నంత మాత్రాన తేలిపోతుందా! డాక్టరమ్మ చర్మ వైద్యుడి దగ్గరికి పంపింది. ఆయన ఒక్కో లోహం మందు రాసిన చిన్న చిన్న పట్టీలు ఆమె వీపు మీద వరసగా అంటించి, రెండు రోజులు తడపకూడదన్నాడు. అవి ఒట్టి రెండు రోజుల్లా గడిచాయా! కాదని తేలితే? నేను నిజంగానే పిచ్చిదాన్నని తేలితే? అత్తగారు అంత నమ్మి మెట్లు దిగారే, ఆ నమ్మకం ఏమవుతుంది? నోట్లో మంట, వీపున దురద, మనసులో భయం... ఆమె గోడకైనా ఆనుకోకుండా రెండు పగళ్ళు కూర్చుంది.

రెండో రోజు పిచ్చుక వచ్చి పక్కన చేరింది. “అమ్మా, కోప్పడనంటే ఒకటి చెప్తా. ఆ మీటరాయన నీ బుగ్గ దగ్గరికి వంగినప్పుడు ఆయన చొక్కా జేబులో ఫోన్ వెలుగుతోందే, మీటరు కీచుమన్నది దానికే. నేను చూశా. చెప్తే నువ్వు నన్ను కూడా పగవాళ్ళలో కలిపేస్తావని చెప్పలేదు.”

ఆమె లేచి హాల్లో వైఫై డబ్బా ముందుకెళ్ళి నిలబడింది. తర్వాత తనే అంది, “వైఫై డబ్బా మీద తువ్వాలు కప్పు. నాకు తెలియకుండా నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి, ఆపు. మంట ఎప్పుడు పెరిగిందో నేను రాస్తా. చూద్దాం.”

అలా పదిసార్లు చేశారు. నాలుగుసార్లు సరిపోయింది, ఆరుసార్లు తప్పింది. డబ్బా ఆపేసి ఉన్నప్పుడే ఎక్కువ మండిందని ఆమె స్వయంగా రాసిన రాత కళ్ళెదుట ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆమె బావురుమంది. “అయితే ఇన్ని నెలలూ మిమ్మల్ని ఊరికే హింసించానా? నీ పరీక్ష... నానమ్మ...”

“మంట నిజమేనమ్మా,” పిల్ల ఆమెను చుట్టుకుపోయింది. “ఎక్కడి నుంచి వస్తోందో తెలీక ఇల్లంతా వెతికావు. ఎవరం తోడు రాకపోతే ఇంకేం చేస్తావు?”

పట్టీలు తీసిన రోజు చర్మ వైద్యుడు అద్దం పెట్టి చూపించాడు. తక్కినచోటంతా చర్మం మామూలుగా ఉంది. ఒక్కచోట మాత్రం రూపాయి బిళ్ళంత ఎర్రటి పొంగు! అది నికెల్ పట్టీ.

డాక్టరమ్మ ఆమె చేతులు రెండూ పట్టుకుంది. “ఏసిడిటీ అని పంపేశాను. ఇంకో ప్రశ్న అడగాల్సింది, క్షమించండి. ఎంతోమంది నోళ్ళల్లో ఈ లోహం ఏ గొడవా లేకుండా ఉంటుంది. మీ ఒంటికి మాత్రం పడలేదు, అంతే. తరంగాలకీ దీనికీ సంబంధం లేదు. పళ్ళు పీకక్కర్లేదు, క్యాప్‌లు తీస్తే చాలు.”

క్యాప్‌లు తీసి తాత్కాలికంగా ప్లాస్టిక్‌వి పెట్టారు. మంట ఒక్కసారిగా పోలేదు. వారం గడిచాక పుండ్లు మానాయి. మూడో వారంలో ఒక పొద్దున ఆమె మంచినీళ్ళు తాగుతూ గ్లాసు సగంలో ఆపేసింది. నీళ్ళకి నీళ్ళ రుచే ఉంది! చప్పగా, చల్లగా... ఎంత కమ్మగా ఉందో! కుళాయి దగ్గర నిలబడి మూడు గ్లాసులు తాగింది. భయం మాత్రం అంత సులువుగా వదల్లేదు. ఇప్పటికీ ఫోన్ మోగితే చెయ్యి దవడ మీదికి పోతుంది. పోయినప్పుడల్లా తనే తీసుకుంటుంది. సామాన్ల గదిలో చాప చుట్టేసి, అత్తగారి గదిలోనే పక్క వేసుకుంది. పడకగదికి మాత్రం తిరిగి వెళ్ళలేదు.

మేస్త్రి లోహం చుక్క కూడా లేని తెల్లటి క్యాప్‌లు రెండు చేశాడు. అవి పెట్టించుకుని వచ్చిన సాయంత్రం వంటింట్లో ఆమె గిన్నెలు సర్దుతుంటే గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి అనుమతి కావాలన్నట్టు అక్కడే ఆగిపోయాడు.

“ఎలా ఉన్నాయి?”

“బాగున్నాయండీ.”

“నొక్కుతున్నాయా? నిజం చెప్పు. పది సార్లు చెప్పినా పది సార్లు తీసి సరిచేస్తా.”

“వెనక దాంట్లో కాస్త ఎత్తనిపిస్తోంది.”

“రేపే సరిచేస్తా.” తల ఊపాడుగానీ కదల్లేదు. “ఏమే... నా తప్పుకి నువ్వు ఇన్ని నెలలు కాలిపోయావు. నన్ను క్షమించావా?”

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. “ఆ క్యాప్‌ల సంగతి మెట్ల మీదే క్షమించేశానండీ. మీరు కావాలని చేశారా? నాకోసం మూడు రోజులు కూర్చుని చేశారు.” ఆయన వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. “ఆ రోజు మీరన్న మాట మాత్రం... అత్తయ్య గురించి నన్నన్న మాట... అది ఇంకా ఇక్కడే ఉంది. తీసేద్దామని రోజూ చూస్తున్నా. రావడం లేదు. టైం పడుతుందండీ.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాళ్ళు పట్టుకుంటాడేమో, ఏడుస్తాడేమో, చెప్పులేసుకుని బయటికి పోతాడేమో అని ఆమె చూసింది. ఆయన అవేవీ చేయలేదు. లోపలికి వచ్చి, ఆమె పక్కన నిలబడి, తడి గిన్నెల్లోంచి ఒకటి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

“పట్టనీ,” అన్నాడు మెల్లగా. “నేనెక్కడికీ పోను.”

లోపలి గదిలోంచి అత్తగారి దగ్గు వినిపించింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

“మీరు వెళ్ళండి. ఇవి నేను చూసుకుంటా,” అంది ఆమె.